మహానగరంలో మన పిల్లల చేతికి ఏ పని?

ఈదుల్ ఫిత్ర్ గడిచి మదరసా తిరిగి తెరుచుకునే షవ్వాల్ నెలలో ప్రతి సంవత్సరమూ మాకు ఒకే ప్రశ్న ఎదురవుతూ ఉంటుంది. జిల్లాల నుండి వచ్చిన తండ్రి పిల్లవాణ్ణి పక్కన నిలబెట్టుకుని, "మౌలానా సాబ్, వీణ్ణి ఇంకా చదివించమంటారా, లేక హైదరాబాదులో మా బావమరిది దగ్గరకు పంపి పనిలో పెట్టమంటారా?" అని అడుగుతాడు. ఏం పని అని మేము తిరిగి అడిగితే, "ఏదో కంపెనీ అంట" అనే జవాబే తరచుగా వినిపిస్తుంది. ఆ కంపెనీ ఏం తయారు చేస్తుందో, అక్కడ పిల్లవాడు ఏం నేర్చుకుంటాడో, ఆ పని పదేళ్ళ తరువాత ఉంటుందో ఉండదో, ప్రమాదం జరిగితే బాధ్యత ఎవరిదో ఆ తండ్రికి తెలియదు. అమ్మాయికి సంబంధం చూసేటప్పుడు అబ్బాయి తాతముత్తాతల వరకు ఆరా తీసే మనం, అబ్బాయి జీవనోపాధి విషయంలో మాత్రం ఒక్క ఫోనుతో తృప్తి పడుతున్నాము.

ఈ నిర్లక్ష్యంలో మాకూ భాగం ఉన్నది. కొన్ని సంవత్సరాల క్రితం మా వద్ద చదివిన ఒక విద్యార్థిని నగర శివార్లలోని ఒక రసాయన కర్మాగారంలో చేర్చుకోమని సిఫారసు ఉత్తరం రాసి ఇచ్చింది మేమే. యజమాని నమాజు వేళకు సెలవిస్తాడని విన్నాము. అంతకు మించి ఏమీ అడగలేదు. రెండు నెలలు తిరగకముందే ఆ పిల్లవాడి ముంజేతులు కాలిపోయాయి. అతడి పేరు కర్మాగారం రికార్డులలో లేదు, కాంట్రాక్టరు చిట్టాలో మాత్రమే ఉన్నది. ఈఎస్ఐ లేదు, పరిహారం లేదు. చందాలు పోగుచేసి వైద్యం చేయించవలసి వచ్చింది. ఆ తల్లి మమ్మల్ని ఒక్క మాట కూడా అనలేదు. ఆమె మౌనం నేటికీ మమ్మల్ని ప్రశ్నిస్తూనే ఉన్నది. తెలియని విషయంలో సలహా ఇవ్వడం అమానతుకు ద్రోహమని ఆనాడు బోధపడింది. అందుకే హైదరాబాదు పరిశ్రమలు ఏ దిశగా పోతున్నాయో, వాటిలో మన కుటుంబాల స్థానం ఎక్కడో ఈ వ్యాసంలో సాధ్యమైనంత వివరంగా చెప్పదలచాము.

కార్వాన్ నుండి ఆల్విన్ వరకు

1591లో ముహమ్మద్ ఖులీ ఖుతుబ్ షా హైదరాబాదుకు పునాది వేసిన నాటికే గోల్కొండ వజ్రాల పేరు దేశదేశాలలో మార్మోగుతున్నది. కార్వాన్ ప్రాంతం వజ్రాల వ్యాపారానికి కేంద్రం. మచిలీపట్నం ఓడరేవు ద్వారా ఈ నేల వస్త్రాలు ఇరాన్ వరకు, ఐరోపా వరకు వెళ్ళేవి. వజ్రాల గనులు అడుగంటాయి, కార్వాన్ వైభవం అంతరించింది. ఒక నగరం ఒకే సంపద మీద ఆధారపడితే ఏమవుతుందో చెప్పే మొదటి పాఠం ఇది.

నిజాముల కాలంలో పాలకులు ఆధునిక పరిశ్రమల వైపు దృష్టి సారించారు. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. 1929లో పారిశ్రామిక ట్రస్టు నిధి ఏర్పడింది. దాని తోడ్పాటుతో బోధన్‌లో చక్కెర, సిర్పూరులో కాగితం, వరంగల్లులో వస్త్రాల మిల్లులు నెలకొన్నాయి. నగరంలో ఆజమాబాద్ పారిశ్రామిక వాడ వెలిసింది. 1942లో ప్రారంభమైన హైదరాబాద్ ఆల్విన్ సంస్థ బస్సులు, రిఫ్రిజిరేటర్లు, తరువాతి కాలంలో చేతి గడియారాలు తయారు చేసింది. స్వాతంత్ర్యానంతరం బీహెచ్ఈఎల్, ఐడీపీఎల్, హెచ్ఎంటీ, ఈసీఐఎల్, అణు ఇంధన సముదాయం, భారత్ డైనమిక్స్ వంటి ప్రభుత్వ రంగ సంస్థలు నగరం చుట్టూ స్థిరపడ్డాయి. వాటికి కావలసిన విడిభాగాలు తయారు చేసేందుకు బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి, కాటేదాన్ వంటి చోట్ల వేలాది చిన్న యూనిట్లు పుట్టాయి.

ఆ కాలంలో లేత్ మిషను మీద చేయి తిరిగిన మనిషికి నగరంలో గౌరవం ఉండేది. ఆల్విన్‌లో ఫిట్టరుగా పనిచేసేవాడంటే పిల్లనివ్వడానికి ఎవరూ వెనుకాడేవారు కాదు. 1990లలో ఆర్థిక సరళీకరణ వచ్చింది. ఆల్విన్ మూతపడింది, ఐడీపీఎల్ నష్టాలలో కూరుకుపోయింది. ఎన్నో ఇళ్ళలో తండ్రి చేసిన పని కొడుకుకు అందకుండా పోయింది. ఆ కొడుకులలో కొందరు గల్ఫ్ విమానాలు ఎక్కారు, మరికొందరు ఆటో తొక్కారు. నైపుణ్యం ఒక తరం నుండి మరొక తరానికి అందే గొలుసు అక్కడ తెగింది. ఈనాటి మన కష్టాలలో చాలావాటికి మూలం ఆ తెగిన కడియే అని మేము భావిస్తున్నాము.

మందుల నగరం: మేలు, కీడు

ఐడీపీఎల్ చితికిపోయినా అది పెంచిన నైపుణ్యం వృథా కాలేదు. 1960లలో సోవియట్ సహకారంతో బాలానగర్‌లో వెలసిన ఆ కర్మాగారం వందలాది రసాయన నిపుణులకు శిక్షణాలయమయింది. 1970 పేటెంటు చట్టం మందుకు కాక, దానిని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చింది. వేరే పద్ధతిలో అదే మందును చౌకగా తయారు చేసే అవకాశం మన శాస్త్రవేత్తలకు లభించింది. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. ఆ బాటలో మరెన్నో సంస్థలు వచ్చాయి. 1997లో శాంతా బయోటెక్నిక్స్ హెపటైటిస్-బి టీకాను దేశీయంగా తయారు చేసి సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చింది. కోవిడ్ విపత్తులో కోవాగ్జిన్ వెలువడింది కూడా ఈ నగరం నుండే. ప్రాణం నిలిపే పనిని దివ్య ఖుర్ఆన్ యావత్ మానవాళిని కాపాడడంతో పోల్చింది. ఈ పరిశ్రమలో నిజాయితీగా పనిచేసేవారు ఆ పుణ్యంలో భాగస్వాములు కావచ్చునని ఆశిద్దాము.

అయితే ఈ రంగాన్ని రెండు సవాళ్ళు పీడిస్తున్నాయి. మొదటిది, ముడి పదార్థాల కోసం చైనా మీద ఆధారపడవలసి రావడం. ఒకనాడు మనమే తయారు చేసుకున్న ఔషధ మూల పదార్థాలు అక్కడ మరింత చౌకగా దొరకడంతో ఇక్కడి యూనిట్లు అనేకం మూతపడ్డాయి. నేడు అక్కడ ధర పెరిగినా, సరఫరా ఆగినా ఇక్కడ యంత్రాలు ఆగిపోయే స్థితి ఏర్పడింది. అమ్మకాలలో గణనీయమైన భాగం అమెరికా మీద ఆధారపడి ఉన్నది. అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ తనిఖీలో ఒక లోపం బయటపడినా, సుంకాల విధానం మారినా ఆ ప్రకంపనలు పటాన్‌చెరులోని కార్మికుడి ఇంటిదాకా వస్తాయి.

రెండవ సవాలు మరింత తీవ్రమైనది. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం ప్రాంతాల చెరువులూ బావులూ 1980ల నుండే కలుషితం కాసాగాయి. నక్కవాగు పరీవాహక గ్రామాల రైతులు పంటలు పోగొట్టుకుని న్యాయస్థానాలను ఆశ్రయించారు. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుండి బయటకు వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ ఆందోళనకరమైన మోతాదులో ఉన్నదని ప్రకటించారు. అటువంటి నీటిలో మందులకు లొంగని సూక్ష్మజీవులు పుట్టే ప్రమాదం ఉన్నది. రోగాన్ని తగ్గించవలసిన మందే దానికి బలం చేకూర్చడమన్నమాట. 2025 జూన్ 30న పాశమైలారంలోని ఒక ఔషధ పరిశ్రమలో సంభవించిన పేలుడు నలభై మందికి పైగా కార్మికులను పొట్టన పెట్టుకున్నది. వారిలో అనేకులు బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుండి పొట్టకూటి కోసం వచ్చినవారు.

నిలవ నీటిని మలినం చేయడాన్ని సైతం దైవప్రవక్త (స) నిషేధించారు. పరులకు హాని చేయరాదు, హానికి ప్రతిగానూ హాని చేయరాదు అనేది ఆయన ప్రవచనం నుండి ఫుఖహాలు గ్రహించిన మూల సూత్రాలలో ఒకటి. చెరువును చంపి సంపాదించిన లాభం గురించి పరలోకంలో లెక్క చెప్పవలసి ఉంటుంది. మనలో కర్మాగారాల యజమానులు, సూపర్‌వైజర్లు, కాంట్రాక్టర్లు కూడా ఉన్నారు. ఈ మాట వారికి కూడా వర్తిస్తుంది.

మాధాపూర్ వెలుగులు

1998లో మాధాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమయింది. అప్పటివరకు రాళ్ళగుట్టలుగా ఉన్న ప్రాంతం చూస్తుండగానే అద్దాల మేడలతో నిండిపోయింది. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు, 2008లో శంషాబాద్ విమానాశ్రయం, 2017లో మెట్రో రైలు ఈ విస్తరణకు తోడయ్యాయి. తెలంగాణ ప్రభుత్వ లెక్కల ప్రకారం ఐటీ ఎగుమతులు 2013-14లో దాదాపు 57 వేల కోట్ల రూపాయలు కాగా 2022-23 నాటికి 2 లక్షల 41 వేల కోట్లకు చేరాయి. అదే కాలంలో ఉద్యోగుల సంఖ్య సుమారు 3 లక్షల 23 వేల నుండి 9 లక్షల 5 వేలకు పెరిగింది.

ఈ పెరుగుదల ఇప్పుడు నెమ్మదించింది. 2022-23 ఒక్క సంవత్సరంలోనే లక్షకు పైగా కొత్త ఉద్యోగాలు రాగా, ఆ మరుసటి సంవత్సరం వచ్చినవి సుమారు 40 వేలు. 2025 జూలైలో దేశంలోనే అతిపెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థ తన సిబ్బందిలో 12 వేల మందికి పైగా తగ్గిస్తున్నట్లు ప్రకటించింది. అదే సంవత్సరం సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్-1బి వీసా దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించింది. తెలుగువారి ఇళ్ళలో ఎందరి ఆశలు ఈ వీసాతో ముడిపడి ఉన్నాయో వేరుగా చెప్పనక్కరలేదు. కృత్రిమ మేధ వచ్చి, కొత్తగా కొలువులో చేరినవారు చేసే సులువైన కోడింగు, పరీక్షించే పని, కాల్ సెంటర్ జవాబులు యంత్రానికి అప్పగిస్తున్నది. నిచ్చెనకు కింది మెట్టే విరిగితే పైకి ఎక్కేదెలా?

మరోవైపు విదేశీ బ్యాంకులు, ఔషధ సంస్థలు, వాణిజ్య సంస్థలు తమ సొంత కార్యాలయాలను నగరంలో నెలకొల్పి పరిశోధన, డిజైన్, లెక్కల విశ్లేషణ వంటి ఉన్నత స్థాయి పనులు చేయిస్తున్నాయి. కనుక ఉద్యోగాలు అంతరిస్తున్నాయని భయపెట్టడం మా ఉద్దేశం కాదు. పట్టా ఉంటే చాలు ఉద్యోగం అనే రోజులు పోయాయి, విషయం లోతుగా తెలిసినవాడికే చోటు అనే రోజులు వచ్చాయి. ఏదో ఒక ఇంజనీరింగు కాలేజీలో సీటు కోసం ఇల్లు తాకట్టు పెట్టి వడ్డీకి అప్పు తెచ్చే తండ్రులు ఈ తేడాను గ్రహించాలి. దుర్భరమైన అప్పుతో, వడ్డీ పాపంతో మొదలైన చదువు కొలువు ఇవ్వకపోతే ఆ కుటుంబానికి ఇహమూ చెడుతుంది, పరమూ చెడుతుంది.

లాడ్ బజారు గాజులు, ఛత్తా బజారు ముద్రణాలయాలు

2011 జనగణన ప్రకారం హైదరాబాదు జిల్లా జనాభాలో ముస్లిములు 43 శాతానికి పైగా ఉన్నారు. వారిలో పెద్ద భాగం పాతనగరపు చేతిపనులు, చిల్లర వ్యాపారాలు, రోజుకూలీ మీద బతుకుతున్నవారే. లాడ్ బజారు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు లభించింది. బొగ్గుల కుంపటి మీద లక్కను కరిగించి, కడ్డీగా సాగదీసి, గుండ్రంగా మలిచి, ఒక్కొక్క రాయినీ చేత్తో అద్దే ఆ పనితనానికి ఈ గుర్తింపు న్యాయమైనదే. కాని గుర్తింపు పత్రం ఒక్కటే కూలి పెంచదు. అంగడిలో వందల రూపాయలకు అమ్ముడయ్యే గాజుల జతకు ఇంట్లో కూర్చుని రాళ్ళు అద్దే మహిళకు దక్కేది అతి స్వల్పం. యంత్రాల మీద తయారయ్యే చౌక గాజులు మరోవైపు నుండి నొక్కుతున్నాయి. ముత్యాల వ్యాపారం కూడా ఒకనాటి గల్ఫ్ ముత్యాల నుండి నేటి చైనా సాగు ముత్యాల వైపు మళ్ళింది. ఛత్తా బజారులో ఉర్దూ కాతిబుల కలాల స్థానాన్ని కంప్యూటర్లు ఆక్రమించి చాలాకాలమయింది. ఇప్పుడు పెళ్ళి పత్రికలు సైతం వాట్సాప్‌లోనే తిరుగుతున్నాయి.

బాధతో చెప్పవలసిన మాట మరొకటి ఉన్నది. 2015 జనవరిలో పోలీసులు పాతనగరపు గాజుల కార్ఖానాల నుండి వందలాది బాలలను విడిపించారు. బీహారు నుండి తెచ్చి, గాలి వెలుతురు లేని గదులలో ఉంచి వారిచేత పని చేయించారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడం చట్టరీత్యా నేరం. పద్దెనిమిదేళ్ళు నిండనివారిని ప్రమాదకరమైన పనులలో పెట్టడం కూడా నేరమే. అనాథను గద్దించేవాడినీ, పేదవాడికి అన్నం పెట్టమని ప్రోత్సహించనివాడినీ ధర్మాన్ని తిరస్కరించేవాడిగా ఖుర్ఆన్ చిత్రించింది. అలాంటి కార్ఖానాలో తయారైన గాజులు ఈద్ నాడు మన ఇంటి ఆడపిల్లల చేతులకు చేరకుండా చూసుకునే బాధ్యత కొనేవారికి కూడా ఉన్నది. అమ్మేవాణ్ణి ఒక్క ప్రశ్న అడిగితే తప్పులేదు.

చిన్న యూనిట్ల యజమానుల కష్టం మరొక తీరు. సరుకు ఇచ్చిన తరువాత పెద్ద కంపెనీలు నెలల తరబడి డబ్బు చెల్లించవు. ఈలోగా కూలీలకు ఇవ్వడానికి రోజువారీ ఫైనాన్స్ వద్దకు పరుగెత్తి వడ్డీ ఊబిలో దిగబడతారు. నిజానికి 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థలకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజులలో, లేకుంటే 15 రోజులలో కొనుగోలుదారు చెల్లించాలి. ఆలస్యంగా చెల్లించే కొనుగోలుదారుకు ఆ ఖర్చుపై ఆదాయపు పన్ను మినహాయింపు ఆ సంవత్సరం లభించకుండా నిబంధన కూడా వచ్చింది. ఉద్యమ్ నమోదు ఉచితం, ఇంటినుండే చేసుకోవచ్చు. అది లేనివారు ఈ రక్షణను ఉపయోగించుకోలేరు. కాటేదాన్, శాస్త్రిపురం ప్రాంతాలలో చిన్న కార్ఖానాలు నడిపే మన సోదరులు ఈ నమోదు చేసుకున్నారో లేదో ఒకసారి చూసుకోవాలి.

బండి మీద బతుకు

నేడు నగరానికి వెళ్ళిన మన పిల్లవాడికి అన్నిటికంటే సులువుగా దొరికే పని ఆహారమో సరుకులో ఇళ్ళకు చేర్చడం. ఒక ద్విచక్ర వాహనం, ఒక ఫోను ఉంటే చాలు. మొదటి నెల డబ్బు చూసి ఇంట్లోవారు సంతోషిస్తారు. ఆ సంపాదన ధర్మసమ్మతమే, ఆ శ్రమ గౌరవనీయమే. దైవప్రవక్త (స) యాచించడం కన్నా కట్టెల మోపు వీపున మోసి అమ్ముకోవడం మేలన్నారు. అయితే పెట్రోలు, బండి మరమ్మతు, వాయిదాలు పోగా చేతిలో మిగిలేది ఎంతో లెక్క వేసినవారు కొద్దిమందే. అయిదేళ్ళు తిరిగినా ఆ పనిలో నేర్చుకునేది తక్కువ, వయసుతో పాటు రాబడి పెరగదు. కింద పడి కాలు విరిగిన రోజు నుండి ఆదాయం ఆగిపోతుంది. 2023 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇటువంటి గిగ్ కార్మికులకు 5 లక్షల రూపాయల ప్రమాద బీమా ప్రకటించింది. ఇటువంటి ఏర్పాట్లు అవసరమే. అయినా పద్దెనిమిదేళ్ళ పిల్లవాడికి ఈ పని ఒక మజిలీగా ఉండాలి, గమ్యంగా మారకూడదు.

యూసుఫ్ (అలైహిస్సలాం) చూపిన దారి

ఈజిప్టు రాజుకు వచ్చిన కల మన పిల్లలందరికీ తెలుసు. ఏడు పుష్టి గల ఆవులను ఏడు బక్క ఆవులు తినివేస్తున్నాయి. ఏడేళ్ళు సమృద్ధి, ఆపై ఏడేళ్ళు కరువు వస్తాయని హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) వివరించారు. అంతటితో ఆగలేదు. పండిన ధాన్యాన్ని తినేంత తీసుకుని మిగిలినది వెన్నులలోనే నిల్వ ఉంచమని ఉపాయం కూడా చెప్పారు. ఖజానా బాధ్యత కోరినప్పుడు తనలోని రెండు గుణాలను పేర్కొన్నారు: కాపాడగలవాణ్ణి, తెలిసినవాణ్ణి. అమానతు, జ్ఞానం ఈ రెండూ కలిసిన చోటే ఆర్థిక రక్షణ ఉంటుంది. మనం పిల్లలకు నిజాయితీ గురించి చెబుతాము, జ్ఞానాన్ని మరచిపోతాము. కొందరు జ్ఞానం ఇప్పిస్తారు, నిజాయితీని మరచిపోతారు.

కార్వాన్ వజ్రాలు, ఆల్విన్ గడియారాలు, సాఫ్ట్‌వేర్ కొలువులు... ప్రతి దానికీ పుష్టి కాలం ఉన్నట్టే బక్క కాలమూ ఉన్నది. గల్ఫ్ డబ్బు వచ్చిన రోజులలో మనం ఏం నిల్వ చేసుకున్నాము? పాలరాతి ఇళ్ళు, అట్టహాసపు వలీమాలు కాక పిల్లల చేతికి పనితనం ఎంత ఇచ్చాము? ఈ ప్రశ్న ముందుగా మాకు మేమే వేసుకుంటున్నాము.

గొడ్డలి కొన్న దిర్హమ్

అన్సారీ సహాబీ ఒకరు దైవప్రవక్త (స) సన్నిధికి యాచించడానికి వచ్చారు. ఇంట్లో ఏముందని ఆయన అడిగారు. కొంత పరుచుకుని కొంత కప్పుకునే ఒక ముతక వస్త్రం, నీళ్ళు తాగే ఒక పాత్ర ఉన్నాయని ఆ సహాబీ చెప్పారు. వాటిని తెప్పించి దైవప్రవక్త (స) స్వయంగా వేలం వేశారు. ఒకరు ఒక దిర్హమ్ అంటే, ఎక్కువ ఇచ్చేవారెవరని మళ్ళీ అడిగి రెండు దిర్హమ్‌లకు అమ్మారు. ఒక దిర్హమ్‌తో ఇంటికి ఆహారం, రెండవ దిర్హమ్‌తో గొడ్డలి కొనమన్నారు. ఆ గొడ్డలికి తన శుభ హస్తాలతో పిడి అమర్చి, కట్టెలు కొట్టి అమ్ముకో, పదిహేను రోజులు నాకు కనపడవద్దని పంపించారు. ఆ వ్యక్తి పది దిర్హమ్‌లతో తిరిగి వచ్చాడు.

అబూదావూద్ హదీసు గ్రంథంలోని ఈ సంఘటనలో మన కాలానికి కావలసిన ఆర్థిక విధానం ఉన్నది. ఆకలి తీర్చడం ముందు. ఆ వెంటనే పనిముట్టు. ఆ పనిముట్టును వాడేలా సిద్ధం చేసి ఇవ్వడం, ఆపై గడువు పెట్టి ఫలితం చూడడం. మన జకాత్ మొదటి దిర్హమ్ వద్దనే ఆగిపోతున్నది. ప్రతి రంజానులో బియ్యం, సేమియా పొట్లాలు పంచుతాము. మరుసటి రంజానుకు అదే కుటుంబం అదే వరుసలో నిలబడుతుంది. అర్హులైన పేదవాడికి కుట్టు మిషనో, వెల్డింగు సెట్టో, ఏసీ మరమ్మతు పనిముట్లో జకాత్ నుండి కొని అతడి సొంతం చేస్తే జకాత్ నెరవేరుతుంది. పూర్తిగా అతడి యాజమాన్యంలోకి ఇవ్వడం ఇందులో ముఖ్యమైన షరతు. శిక్షణ ఇచ్చేవారి జీతాలు, గది అద్దె వంటి ఖర్చులు జకాత్ నుండి కాక సదఖా, విరాళాల నుండి భరించాలి.

పెట్టుబడి అవసరమైన వ్యాపారికి వడ్డీలేని రుణం ఇవ్వవచ్చు, లాభనష్టాలలో భాగం పంచుకునే ముదారబా, ముషారకా పద్ధతిలో తోడు నిలవవచ్చు. ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. హలాల్ లాభం అని చెప్పి నెలకింత శాతం తప్పక ఇస్తామని ఆశ పెట్టిన వారిని నమ్మి ఇటీవలి సంవత్సరాలలో ఎన్నో కుటుంబాలు కూతుళ్ళ పెళ్ళికి దాచిన సొమ్ము పోగొట్టుకున్నాయి. పెట్టుబడి మీద ఖచ్చితమైన రాబడికి హామీ ఇస్తే అది భాగస్వామ్యం కాదు, వడ్డీయే. గడ్డం, టోపీ, అరబీ పేరు దాన్ని హలాల్ చేయలేవు.

పంపే ముందు అడగవలసినవి

ఇక మొదట్లో చెప్పిన ఆ తండ్రి ప్రశ్నకు వద్దాము. పిల్లవాణ్ణి నగరానికి పంపవచ్చునా? పంపవచ్చు. జుమా నమాజు ముగిశాక భూమిలో వ్యాపించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించమని ఖుర్ఆన్ ఆదేశించింది. కాని పంపే ముందు కొన్ని విషయాలు తెలుసుకోవాలి.

పిల్లవాడి వయసు, చదువు ఎంత? పదవ తరగతి పూర్తి కాకుండా పంపవద్దు. ఐటీఐలోని అనేక కోర్సులలో చేరడానికి ఆ ధ్రువపత్రం ఆధారం. తెలంగాణలో 65 ఐటీఐలను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మార్చే కార్యక్రమం 2024లో మొదలయింది. ఎలక్ట్రీషియను, ఫిట్టరు, రోబో యంత్రాలు నడిపే పనివారి అవసరం నగరంలో ఎప్పుడూ ఉంటుంది. మా మదరసా విద్యార్థులలో హిఫ్జ్ పూర్తి చేసినవారికి ఏకాగ్రత, జ్ఞాపకశక్తి సహజంగానే ఉంటాయి. వారు ఓపెన్ స్కూలు ద్వారా పదవ తరగతి రాస్తే ఆ తలుపులు వారికీ తెరుచుకుంటాయి.

అది ఎవరి కొలువు? కంపెనీదా, కాంట్రాక్టరుదా? నియామక పత్రం ఇస్తారా? పీఎఫ్, ఈఎస్ఐ ఉన్నాయా? నెలకు 21 వేల రూపాయల లోపు జీతం వచ్చే కార్మికులకు ఈఎస్ఐ వర్తించే సంస్థలలో వైద్యం, ప్రమాదంలో పరిహారం లభిస్తాయి. అది కార్మికుడి హక్కు, యజమాని దయ కాదు. చెమట ఆరకముందే కూలి చెల్లించమన్న ప్రవక్త (స) ఆదేశం మన యజమానులకు గుర్తున్నదా?

అక్కడ ప్రమాదం ఏమిటి? రసాయనాలు, బాయిలర్లు, విద్యుత్తు ఉన్న చోట చేతి తొడుగులు, ముఖ కవచం ఇస్తారా, బయటపడే దారి ఉన్నదా, ఇంతకుముందు ప్రమాదాలు జరిగాయా అని అక్కడ పనిచేసే వారినే అడగాలి. వీలైతే తండ్రి స్వయంగా వెళ్ళి చూడాలి. బస్సు ఛార్జీకి వెనుకాడితే తరువాత ఆసుపత్రికి కట్టవలసి వస్తుంది.

మూడేళ్ళలో అతడు ఏం నేర్చుకుంటాడు? ఈ ప్రశ్నకు జవాబు లేని పనిలో జీతం కొంత ఎక్కువైనా తొందరపడవద్దు. తక్కువ జీతంతో పనితనం నేర్పే ఉస్తాదు దొరికితే అది అదృష్టంగా భావించాలి.

చేతివృత్తుల వారికి ఇంకొక మాట. 2023లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన విశ్వకర్మ పథకం దర్జీలు, వడ్రంగులు, కమ్మరులు, తాపీ మేస్త్రీలు, మంగలివారు మొదలైన 18 వృత్తులకు వర్తిస్తుంది. శిక్షణ రోజులలో రోజుకు 500 రూపాయలు, పనిముట్ల కోసం 15 వేల రూపాయల వరకు సహాయం ఇందులో ఉన్నాయి. దీనిలోని రుణానికి వడ్డీ ఉన్నది కనుక దానికి దూరంగా ఉండి, శిక్షణ, పనిముట్ల సహాయం మాత్రం తీసుకోవచ్చు.

ఆడపిల్లల విషయం మరువరాదు. ఇంట్లో రాళ్ళు అద్దే అమ్మాయికి, జర్దోజీ కుట్టే అమ్మాయికి తన పని విలువ తెలియాలి. ఆమె సంపాదన ఆమె సొంతమని ఖుర్ఆన్ స్పష్టం చేసింది. చదువుకోగలిగిన అమ్మాయికి ఫార్మసీ, లాబొరేటరీ, నర్సింగు వంటి రంగాలు హిజాబుతో, గౌరవంతో పనిచేయగల అవకాశాలను ఈ మందుల నగరంలో కల్పిస్తున్నాయి.

మస్జిదు కమిటీలకు మా విన్నపం ఒక్కటే. ప్రతి మొహల్లాలో కొలువు తెలిసిన నలుగురు పెద్దలు, ఒక ఇంజనీరు, ఒక మేస్త్రీ, ఒక వ్యాపారి, ఒక కార్మిక చట్టం తెలిసినవారు నెలకొక సాయంత్రం అస్ర్ తరువాత మస్జిదు ఆవరణలో కూర్చుంటే చాలు. ఊరి నుండి వచ్చిన కుర్రవాడు మొదట వారిని కలుస్తాడు. హిజ్రత్ చేసి వచ్చిన అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇవ్వజూపితే, ఆయన దుఆ చేసి బజారు ఎక్కడుందో చూపమన్నారు. మన పిల్లలకు కావలసిందీ అదే. ఆస్తి పంచనక్కరలేదు, బజారు దారి సరిగా చూపితే చాలు.

చేతులు కాలిన ఆ విద్యార్థి నేడు సొంత ఊరిలో మోటారు రివైండింగు పని చేసుకుంటున్నాడు. పని నేర్పింది ఒక పాత ఆల్విన్ కార్మికుడు. కిందటి షవ్వాల్‌లో మా వద్దకు వచ్చి, తన దగ్గర ఒక పిల్లవాడికి పని నేర్పగలను, పదవ తరగతి పాసైనవాణ్ణే పంపమన్నాడు. తెగిన కడి అలా ఒక చోట అతుక్కున్నది. ఇప్పుడు ఎవరైనా పిల్లవాడితో మా ముందు నిలబడితే, మేము సిఫారసు ఉత్తరం రాయడానికి ముందు కలం పక్కన పెట్టి పైన చెప్పిన ప్రశ్నలు అడుగుతున్నాము.

అల్లాహ్ మన సంతానానికి ధర్మసమ్మతమైన, శుభప్రదమైన ఉపాధిని ప్రసాదించుగాక. మన చేతిపనిలో పనితనాన్ని, మన వ్యాపారంలో నిజాయితీని, మన కార్మికుల పట్ల న్యాయాన్ని అనుగ్రహించుగాక. ఆమీన్.